పసిబిడ్డ పళ్లెంలో పల్లీ, గుడ్డు: ఆహార అలర్జీకి దారితీసేవి ఏవి?

ఏడు నెలల బిడ్డకు గుడ్డు పెట్టవచ్చునా? పల్లీలు తినిపిస్తే దద్దుర్లు వస్తాయని అత్తగారు అంటున్నారు, నిజమేనా? బిడ్డ ఒంటి మీద పొక్కులు లేచాయని నా చేత చేపలు, వంకాయలు మాన్పించారు. ఇది ధర్మరీత్యా నేను పాటించి తీరవలసిన మాటేనా? సికింద్రాబాద్‌లోని మా మద్రసాలో వారానికొకసారి స్త్రీల కోసం జరిగే దర్స్ ముగిశాక, చీటీల మీద వ్రాసి పంపే ప్రశ్నలలో నమాజు, రోజాల తరువాతి స్థానం ఇటీవల ఇటువంటి వాటిదే. వీటిలో మూడవ ప్రశ్నకు మాత్రమే మౌల్వీ జవాబు చెప్పగలడు. మొదటి రెండూ వైద్యశాస్త్రానికి చెందినవి. వాటికి జవాబు కావాలంటే వైద్యులు ప్రచురించిన పరిశోధనలనే చూడాలి. చూస్తే తెలిసేదేమంటే, గత పాతికేళ్లలో ఈ విషయంలో వైద్యుల సలహాయే తలక్రిందులైంది. పాత సలహా మన ఇళ్లలో నిలిచిపోయింది. కొత్తది ఇంకా గడప దాటి లోపలికి రాలేదు.

ముందుగా అలర్జీ అంటే ఏమిటో తెలుసుకోవాలి. మన శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ క్రిములను శత్రువులుగా గుర్తించి పోరాడుతుంది. కొందరిలో అది పాలలోనో, గుడ్డులోనో, పల్లీలోనో ఉండే మాంసకృత్తులను కూడా శత్రువుగా పొరబడి, వాటికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. ఆ తరువాత ఆ పదార్థం నోట్లో పడగానే, సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపల, దద్దుర్లు, పెదవులు, కనురెప్పల వాపు, వాంతులు మొదలవుతాయి. అరుదుగా ఊపిరి అందక ప్రాణం మీదికి వస్తుంది. ఆవుపాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలు కావడం అన్ని సందర్భాలలోనూ అలర్జీ కాదు. పాలలోని చక్కెర అరగకపోవడం వేరు, పాల మాంసకృత్తి మీద శరీరం తిరగబడటం వేరు. నారింజ రసమో, టమాటా పులుసో మూతి చుట్టూ అంటుకుని ఎర్రబడితే దానినీ అలర్జీ జాబితాలో చేర్చే తల్లులున్నారు. పులుపు తగిలిన లేత చర్మం కాసేపు కందిపోవడం అది, అంతే.

మన ప్రాంతంలో ఈ వ్యాధి ఎంత ఉంది? తెలంగాణ లెక్క చెప్పలేను గాని, పొరుగున ఉన్న కర్ణాటకలో బెంగళూరు, మైసూరు కేంద్రాలుగా యూరప్ శాస్త్రవేత్తల సహకారంతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. బడి పిల్లలలో ఆహార అలర్జీ ఉండే అవకాశం బలంగా కనిపించినవారు 0.14 శాతం మాత్రమే. అదే అధ్యయనంలో హాంకాంగ్ పిల్లలలో అది 1.5 శాతం. కర్ణాటక పెద్దవారి లెక్క మరింత ఆలోచింపజేస్తుంది. వారిలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ప్రతిరక్షకాలు కనిపించాయి. కాని నిజంగా అలర్జీ ఉన్నట్లు తోచినవారు 1.2 శాతమే. రక్తపరీక్షలో గుర్తు కనిపించడం వేరు, తిన్నప్పుడు జబ్బు చేయడం వేరు అన్నమాట. ఈ తేడా తెలియకనే నేడు అనేకులు వేలాది రూపాయలు పోసి, నూరు పదార్థాల జాబితాతో వచ్చే రక్తపరీక్షలు చేయించి, అందులో ఎర్రగీత పడిన ప్రతిదానినీ బిడ్డ పళ్లెం నుంచి తొలగిస్తున్నారు. గోధుమ పోయింది, పాలు పోయాయి, పప్పు పోయింది. చివరకు ఎదగవలసిన బిడ్డ చారన్నం మీద మిగిలింది. తిన్నప్పుడు ఏమీ కాని పదార్థానికి పరీక్ష చేయించడమే అనవసరమని అలర్జీ నిపుణులు పదే పదే చెబుతున్న మాట.

మన దగ్గర తక్కువే కదా అని నిశ్చింతగా ఉండటానికీ వీలు లేదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఏడాది వయసు పిల్లలను పరీక్షించిన ‘హెల్త్‌నట్స్’ అధ్యయనంలో పది మందిలో ఒకరికి పైగా ఏదో ఒక ఆహార అలర్జీ నిరూపితమైంది. అందులోనూ విచిత్రమేమంటే, ఆసియా దేశాలలో పుట్టి అక్కడికి వలస వెళ్లిన తల్లిదండ్రులకు ఆస్ట్రేలియాలో జన్మించిన బిడ్డలలో పల్లీ అలర్జీ, స్థానికుల బిడ్డలలో కంటె ఎక్కువగా కనిపించింది. అదే వంశం, అదే రక్తం. మారినది నేల, గాలి, ఇల్లు, తిండి. వంశపారంపర్యం ఒక్కటే దీనికి కారణమైతే ఇలా జరగదు. మెల్‌బోర్న్‌లోనో, డల్లాస్‌లోనో కాపురముంటున్న కూతురికి ఇక్కడి నుంచి ఫోనులో పెంపకం సలహాలు చెప్పే అమ్మమ్మలు, నానీలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే అన్నిటికంటె బలమైన హెచ్చరిక ఏది? బిడ్డ చర్మం. పుట్టిన మొదటి నెలల్లో బుగ్గల మీద, మోకాళ్ల, మోచేతుల మడతలలో ఎర్రగా, పొడిగా, దురదతో వచ్చే ఎగ్జిమా. మెల్‌బోర్న్ పిల్లలలోనే లెక్క చూశారు: ఎగ్జిమా ఉన్న బిడ్డలకు, లేని బిడ్డలతో పోలిస్తే, ఏడాది నిండేసరికి గుడ్డు అలర్జీ వచ్చే అవకాశం ఆరు రెట్లు, పల్లీ అలర్జీ వచ్చే అవకాశం పదకొండు రెట్లు అధికం. మూడు నెలల లోపలే ఎగ్జిమా మొదలై, వైద్యుడు స్టెరాయిడ్ పూత వ్రాయవలసి వచ్చిన పిల్లలలో సగం మందికి ఆహార అలర్జీ తేలింది. తల్లిదండ్రులకు ఆస్తమా, తుమ్ముల జబ్బు, అలర్జీ ఉండటం కూడా లెక్కలోకి వస్తుంది గాని ఇంత బలంగా కాదు. కుటుంబంలో ఎవరికీ లేని అలర్జీ బిడ్డకు రావడం సాధారణమే.

చర్మానికీ కడుపుకూ ఏమి సంబంధం అని అడగవచ్చు. ఇక్కడే ఈ శాస్త్రంలోని ముఖ్యమైన మలుపు ఉంది. మన చర్మాన్ని గోడలా నిలిపే మాంసకృత్తి ఒకటుంది, పేరు ఫిలాగ్రిన్. దానిని తయారుచేసే జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వస్తుందని 2006లో స్కాట్లండులోని డండీ పరిశోధకులు కనుగొన్నారు. గోడకు పగుళ్లు పడితే దుమ్ము లోపలికి వస్తుంది. ఇంటి దుమ్ములో పల్లీ పొడి, గుడ్డు తునకలు, పాల చుక్కలు అన్నీ ఉంటాయి. బ్రిటన్‌లో ఇళ్ల ధూళిని, పడకలను పరీక్షించి పల్లీ మాంసకృత్తి ఉండటం చూశారు. పగిలిన చర్మం గుండా మొదటిసారి లోపల అడుగుపెట్టిన పదార్థాన్ని శరీరం దొంగగా చూస్తుంది. నోటి ద్వారా, కడుపు గుండా వచ్చినదానిని అతిథిగా చూస్తుంది. లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యుడు గిడియన్ ల్యాక్ ప్రతిపాదించిన ఈ సిద్ధాంతాన్ని నేడు చాలామంది నిపుణులు అంగీకరిస్తున్నారు. 2003లో ఆయన బృందం ఇంగ్లండులో ప్రచురించిన పరిశోధనలో, పల్లీ నూనె కలిసిన పూతలను పసితనంలో ఎర్రబడిన చర్మానికి రాయడానికీ, తరువాత పల్లీ అలర్జీ రావడానికీ సంబంధం కనిపించింది.

ఇప్పుడు మన ఇళ్లవైపు చూద్దాం. బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు. మిర్చీ కా సాలన్‌లో అవే. ఇడ్లీతో పల్లీ చట్నీ. రొట్టెతో నువ్వుల పొడి. సికింద్రాబాద్‌లో పల్లీ పొడి గాలిలో లేని వంటిల్లు ఏది? ఆ ఇంట్లోనే బిడ్డకు మాత్రం రెండేళ్ల వరకు పల్లీ నిషిద్ధం. అంటే చర్మానికి అందుతున్నది, నోటికి అందడం లేదు. దీనికి తోడు మాలిష్. పల్లీ నూనెతోనో, నువ్వుల నూనెతోనో ఒళ్లంతా మర్దన చేసి, శనగపిండితోనో, పెసర సున్నిపిండితోనో రుద్ది స్నానం చేయించడం మన నేల మీద మతభేదం లేని ఆచారం. ఆరోగ్యమైన చర్మం మీద ఇది హాని చేస్తుందని నిరూపణ లేదు కనుక తాతమ్మల నాటి ఆచారాన్ని నేను తప్పు పట్టను. కాని ఎగ్జిమాతో ఎర్రబడి, గీరుకుపోయి, రసి కారుతున్న చర్మం మీద పిండితో రుద్దడం మాత్రం ఆపాలి. చర్మం ఒరుసుకుపోయే నష్టం ఒకటి, పగుళ్లలోకి శనగ, పల్లీ, నువ్వుల అంశ చేరే ముప్పు మరొకటి. శనగ అలర్జీ మన దేశంలో వైద్యులు నమోదు చేసినదే. అటువంటి బిడ్డకు గోరువెచ్చని నీటి స్నానం, వాసన లేని మెత్తని పూత, వైద్యుడు వ్రాసిన మందు చాలు. ‘స్టెరాయిడ్’ అనే మాట వినగానే ఆ మందును మూలన పడేసి పసరు పూసే అలవాటు వల్ల నెలల తరబడి తెరిచి ఉన్న గోడ అలాగే ఉండిపోతున్నది.

పాత సలహా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 2000లో అమెరికా శిశువైద్యుల అకాడమీ, అలర్జీ ముప్పు ఉన్న బిడ్డలకు ఆవుపాలు ఏడాది వరకు, గుడ్డు రెండేళ్ల వరకు, పల్లీలు, గింజలు, చేపలు మూడేళ్ల వరకు పెట్టవద్దని చెప్పింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది. మన ఊళ్లలో కొందరు వైద్యులు, అంతకంటె ఎక్కువమంది పెద్దమ్మలు దానిని పట్టుకున్నారు. అలర్జీలు మాత్రం తగ్గలేదు. 2008లో ఆ అకాడమీయే ఆలస్యం చేయడం వల్ల లాభమున్నదనే ఆధారం లేదని తన మాట వెనక్కి తీసుకుంది. అదే సంవత్సరం ల్యాక్ బృందం మరొక లెక్క బయటపెట్టింది. బ్రిటన్‌లోని యూదు పిల్లలలో పల్లీ అలర్జీ 1.85 శాతం ఉండగా, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లలలో అది 0.17 శాతమే. అక్కడ పసిపిల్లలకు ఏడాది లోపే ‘బాంబా’ అనే పల్లీ చిరుతిండి పెడతారు, బ్రిటన్‌లో అప్పట్లో పెట్టేవారు కాదు.

అనుమానం నిరూపణ కావాలంటే పరీక్ష జరగాలి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న, లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది శిశువులను, నాలుగు నెలల నుంచి పదకొండు నెలల లోపు వయసులో తీసుకుని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి వారానికి మూడు పూటలైనా పల్లీ పదార్థం పెట్టారు. మరొక వర్గానికి అయిదేళ్లు నిండేదాకా పల్లీ అంటనివ్వలేదు. 2015లో వెలువడిన ఫలితం: చర్మపరీక్షలో మొదట ఏ గుర్తూ లేని పిల్లలలో, పల్లీకి దూరంగా ఉంచినవారిలో 13.7 శాతం మందికి అలర్జీ వచ్చింది, తిన్నవారిలో 1.9 శాతం మందికే. కాపాడుతుందనుకున్న నిషేధమే ముప్పుగా తేలింది. ఆ పిల్లలను కౌమారం దాకా గమనించి 2024లో ప్రచురించిన ఫలితంలోనూ ఆ రక్షణ చాలావరకు నిలిచే ఉంది. గుడ్డు విషయంలో జపాన్ వైద్యులు 2017లో ఇటువంటిదే చూపారు. ఎగ్జిమాను మందుతో అదుపులో పెట్టి, ఆరు నెలల నుంచి ఉడికిన గుడ్డు పొడిని కొద్దికొద్దిగా ఇచ్చిన బిడ్డలలో ఏడాదికి గుడ్డు అలర్జీ 8 శాతం, ఇవ్వనివారిలో 38 శాతం.

ఇక తల్లి పథ్యం. గర్భంలో బిడ్డ ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లి పల్లీ, గుడ్డు, చేప మానేస్తే బిడ్డకు అలర్జీ రాదనడానికి ఆధారం లేదు. పాలు తాగే బిడ్డకు ఒక పదార్థం వల్ల జబ్బు చేస్తున్నదని వైద్యుడు నిర్ధారించినప్పుడు మాత్రమే తల్లి ఆ ఒక్కదానిని మానవలసి ఉంటుంది. కాని మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? బిడ్డ ఏడిస్తే తల్లి తిన్నది తప్పు, బిడ్డకు విరేచనమైతే తల్లి తాగినది తప్పు, దద్దురు లేస్తే తల్లి మీద నజర్ తప్పు. నలభై రోజులు రొట్టె, రసం మీద ఉంచబడిన బాలింత రక్తహీనతతో కళ్లు తిరిగి పడిపోతుంది. చీటీ మీది మూడవ ప్రశ్నకు సమాధానం ఇక్కడ చెబుతాను. దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరా 233వ ఆయత్ రెండేళ్ల స్తన్యపానాన్ని గురించి చెబుతూనే, బిడ్డ కారణంగా తల్లికి గాని తండ్రికి గాని హాని కలగకూడదని కూడా నిర్దేశిస్తున్నది. పాలు మాన్పించే నిర్ణయాన్ని తల్లిదండ్రులిద్దరి అంగీకారానికీ, పరస్పర సంప్రదింపునకూ అప్పగిస్తున్నది. ఆధారం లేని పథ్యంతో బాలింతను క్షీణింపజేయడం ఈ ఆజ్ఞకు ఎంత దూరమో ఇంటి పెద్దలే ఆలోచించాలి. అత్తగారి మాట మన్నించడం అదబ్. ఆకలితో ఉండటం అదబ్‌లో భాగం కాదు.

తల్లిపాలు అలర్జీ నుంచి పూర్తిగా కాపాడతాయా అంటే, ఆ విషయంలో పరిశోధనలు ఏకముఖంగా లేవు. తల్లిపాల మేలు అనేక ఇతర విషయాలలో స్థిరపడినది కనుక దీని కోసం దానికి కొత్త ప్రశంసాపత్రం అక్కరలేదు. కాని ఒక సంగతి మన రాష్ట్రానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు శస్త్రచికిత్సతోనే జరుగుతున్నాయి. ప్రైవేటు ఆసుపత్రులలో అది 81.5 శాతం. దేశమంతటా సగటు 21.5. కోత కాన్పు వల్లనే అలర్జీ వస్తుందా? మెల్‌బోర్న్ పిల్లలలో వెదికితే అటువంటి సంబంధం కనిపించలేదు. అయితే కోత కాన్పైన ఇంట ఏమి జరుగుతుందో అందరికీ తెలుసు. తల్లి మత్తులో, నొప్పిలో ఉంటుంది, పాలు పడలేదంటారు, ఎవరో మందుల దుకాణానికి వెళ్లి డబ్బా తెస్తారు. 2019లో జపాన్ నుంచి వెలువడిన పరిశోధన ఒకటి, పుట్టిన మొదటి మూడు రోజులైనా ఆవుపాల డబ్బాపొడి ఇవ్వకుండా ఉంచిన బిడ్డలలో తరువాత పాల అలర్జీ తక్కువగా ఉన్నదని తేల్చింది. మొదటి రోజులలో ఒకటి రెండు సీసాలు పట్టి, తరువాత నెలల తరబడి ఆపేయడమే ఇబ్బందికరమైన పద్ధతిగా కనిపిస్తున్నది. వైద్యుడు అవసరమని చెబితే డబ్బాపాలు ఇవ్వవలసిందే, అందులో దోషం లేదు. అవసరం లేకుండా ఇవ్వవద్దు. డబ్బాపాల ప్రచారాన్ని, ఉచిత నమూనాలను మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. కాన్పు గదిలో ఎవరైనా ఉచితంగా డబ్బా చేతిలో పెడితే, అది ఔదార్యం కాదని తండ్రి గ్రహించాలి.

తహ్నీక్ గురించి కూడా అడుగుతుంటారు. హిజ్రత్ తరువాత ముహాజిర్లకు మదీనా ప్రాంతంలో పుట్టిన తొలి బిడ్డ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్‌కు దైవప్రవక్త (స) ఖర్జూరంతో తహ్నీక్ చేశారన్నది ప్రసిద్ధం. సున్నత్‌లో ఉన్నది ఖర్జూరం. మనవారిలో కొందరు దాని స్థానంలో తేనెను తెచ్చిపెట్టారు. తేనె అలర్జీ సమస్య కాదు, అంతకంటె ప్రమాదకరమైనది. అందులో ఉండగల ఒక రకం క్రిమి బీజాలు ఏడాది లోపు బిడ్డ పేగులలో మొలకెత్తి విషం పుట్టించి, కండరాలను పడగొట్టగలవు. అందుకే ఏడాది నిండేవరకు తేనె నాకించవద్దని ప్రపంచమంతటా వైద్యులు చెబుతున్నారు. దుకాణంలో దొరికే ఘుట్టీలకు కూడా వైద్యుని అనుమతి లేనిదే చోటివ్వవద్దు. తహ్నీక్ చేసేవారు చేతులు, నోరు శుభ్రంగా ఉంచుకుని, బాగా మెదిపిన ఖర్జూరపు తీపిని అంగిలికి తాకించడమే చాలు. జలుబు, దగ్గు ఉన్నవారు ఆ గౌరవాన్ని మరొకరికి వదలాలి.

మిగిలిన కారణాలుగా చెప్పేవి అనేకం. డి విటమిన్ లోపం, పసితనంలో యాంటీబయోటిక్‌లు, మరీ శుభ్రమైన ఇళ్లు. ఇవేవీ ఇంకా గట్టిగా రుజువు కాలేదు. అన్నలు, అక్కలు ఉన్న బిడ్డలకు గుడ్డు అలర్జీ తక్కువని, ఇంట్లో కుక్క ఉన్నా తక్కువేనని మెల్‌బోర్న్ వారు చూశారు. కుక్క సంగతి మనకు వద్దు గాని, నలుగురు పిల్లలు ఒకే చాప మీద దొర్లే ఇల్లు లోకువైనది కాదని సంతోషించవచ్చు.

ఇక తినిపించే పద్ధతి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, ఆపైన అనుబంధ ఆహారం, తల్లిపాలు కొనసాగింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన శిశువైద్యులు చెప్పేదీ ఇదే. మెత్తని అన్నం, పప్పు, కిచిడీ అలవాటైన తరువాత గుడ్డును, పల్లీని ఆలస్యం చేయనవసరం లేదు. గుడ్డు పూర్తిగా గట్టిపడేలా ఉడకాలి. పచ్చిది, సగం ఉడికినది వద్దు. పల్లీలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరి, నీళ్లతోనో తల్లిపాలతోనో పలుచన చేసి రాగి జావలోనో అన్నంలోనో కలపాలి. పల్లీ గింజను గింజగా ఎన్నడూ పెట్టవద్దు. అయిదేళ్ల లోపు పిల్లల గొంతులో అడ్డుపడి ప్రాణం తీసేది అలర్జీ కంటె ముందు అదే. బూజు వాసన వచ్చినవి ఇంట్లో ఎవరికీ పనికిరావు. కొత్త పదార్థాన్ని బిడ్డ ఆరోగ్యంగా ఉన్న రోజున, పగటి పూట, చెంచా కొనతో మొదలుపెట్టి, పది నిమిషాలు చూసి మరికొంత పెట్టి, రెండు గంటలు కనిపెట్టి ఉండాలి. ఒకటి రుచి చూపిన రోజున మరొక కొత్తది కలపరాదు. ఏమీ కాకపోతే వారానికి రెండు మూడుసార్లు పెడుతూనే ఉండాలి. ఒకసారి పెట్టి నెలలు మరచిపోతే ప్రయోజనం లేదు.

ఒక మినహాయింపు మరువకూడదు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకు, లేదా గుడ్డుతో ముందే ఒకసారి దద్దుర్లు వచ్చిన బిడ్డకు పల్లీని ఇంట్లో మీరే మొదలుపెట్టవద్దు. ముందు శిశువైద్యుని సంప్రదించి, అవసరమైతే చర్మపరీక్ష చేయించాలి. పరిశోధనలో కూడా పరీక్షలో పెద్ద పొక్కు వచ్చిన శిశువులను పక్కన పెట్టారు. మన నగరంలో గాంధీ, నీలోఫర్ ఆసుపత్రులలో పిల్లల విభాగాలున్నాయి. డబ్బు లేదన్న కారణంతో ఆగవలసిన పని లేదు.

దద్దుర్లు, ఒక వాంతి మాత్రమే అయితే ఆ పదార్థం ఆపి వైద్యుని చూడాలి. గొంతు బొంగురుపోవడం, పిల్లికూత, నాలుక వాపు, బిడ్డ వాలిపోయి పాలిపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్. తొడ కండలో వేసే ఎడ్రినలిన్ ఇంజెక్షనే అప్పటి మందు. దద్దుర్ల మందు తాగించి ఎదురుచూడటం, నూనె పూయడం, దువా చదివి ఊదుతూ ఇంట్లోనే ఉండటం కాలహరణం. దువాను ఆటోలోనో, 108 వాహనంలోనో చదవవచ్చు.

అలర్జీ నిర్ధారణ అయిన తల్లిదండ్రులకు ఒక ఊరట ఉంది. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లలలో వయసుతో పాటు తగ్గిపోతాయి. పల్లీ అలర్జీ మాత్రం అయిదుగురిలో ఒకరికే పోతుంది. కనుక ఏడాదికొకసారైనా వైద్యుని వద్ద మళ్లీ చూపించాలి. చిన్ననాడు వేసిన నిషేధాన్ని కారణం మరచిపోయి నిఖా దాకా మోయించకూడదు. అంతవరకు వలీమా దావత్‌లలో, రంజాన్ హలీమ్ దుకాణాల వద్ద, కూరలో కాజూ, పల్లీ, నువ్వులు ఏవి పడ్డాయో బావర్చీని అడిగి తెలుసుకోవడానికి తండ్రి మొహమాటపడరాదు. మద్రసాలో చేర్చేటప్పుడు బిడ్డ ఏది తినకూడదో కాగితం మీద వ్రాసి ఉస్తాద్ చేతికి ఇవ్వాలి.